కోదాడ సీసాలు

మురళీధర్‌కు పుట్టుకతోనే కుళ్ళు ఎక్కువని వాళ్ళమ్మ బుచ్చమ్మ దాచుకోకుండా చెబుతుంది. మునగాల దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి కాటయ్యకు గొర్రెల మంద ఉండేది. ఒక చలికాలం, తల్లి లేని గొర్రెపిల్లను బుచ్చమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని, గుడ్డ పీలిక పాలలో ముంచి చప్పరింపజేస్తుంటే, ఐదేళ్ళ మురళి వచ్చి పాలగిన్నెను కాలితో తన్నాడట. “పాల కోసం గాదు. వాడు పాలు తాగనే తాగడు. దాన్ని ఒళ్ళె వెట్టుకున్ననని వాని ఏడ్పు,” అని ఆమె ఇప్పటికీ కోడలితో చెప్పి నవ్వుతుంది. మురళీధర్ మాత్రం నవ్వడు. ఆ గొర్రెపిల్ల పెరిగి పెద్దదై సంతలో అమ్ముడుపోయిన రోజు తనకెంత హాయిగా అనిపించిందో అతనికి ఇంకా గుర్తుంది.

పదో తరగతి తప్పాక, గొర్రెల వెంట తిరగడం ఇష్టంలేక మిర్యాలగూడ వచ్చాడు. రైసుమిల్లులో మొదట బస్తాలు మోశాడు. తర్వాత బాయిలర్ దగ్గర ఊక ఎత్తిపోసే పనికి కుదిరాడు. కొన్నేళ్ళకు బాయిలరే అతని చేతికొచ్చింది. వడ్లు ఉడకడానికి ఆవిరి కావాలి. అది తగ్గకూడదు, హద్దు మీరకూడదు. ఆ పనిలో అతనికి పేరుంది. కానీ పక్క మిల్లు బాయిలర్ మనిషికి వాళ్ళ సేటు కొత్త సెల్‌ఫోన్ కొనిచ్చాడని తెలిసిన పూట మురళీధర్‌కు అన్నం సయించలేదు. తోడల్లుడు కోదాడలో ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి వెళ్ళి, కడుపునిండా తిని, గోడకు చెమ్మ ఎక్కుతుందని నలుగురికీ వినపడేలా చెప్పి వచ్చాడు.

ఇంత కుళ్ళు ఉన్న మనిషికి భార్య ఉమారాణి మీద మాత్రం ఎన్నడూ కుళ్ళు పుట్టలేదు. పుట్టడానికి ఆమె దగ్గర ఏముందని? మిల్లుల వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. ఆరేసిన బట్టల మీద ఊక మసి పడుతుంటే తిట్టుకుంటూ దులుపుకోవడం, మురళి డ్యూటీని బట్టి వేళకాని వేళలో వండిపెట్టడం, ఇదే ఆమె బతుకు. చుట్టుపక్కల వాళ్ళకు ఆమె పేరు కూడా సరిగ్గా తెలియదు. హిమజ వాళ్ళమ్మ అంటారు.

ఆ హిమజకు సూర్యాపేట గురుకులంలో సీటు వచ్చింది. హాస్టల్ కూర నోట పెట్టుకోలేకపోతున్నానని పిల్ల ఫోన్‌లో ఏడిస్తే, ఉమారాణి టమాట పచ్చడి చేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది. మూత గట్టిగా తిప్పింది, పైన కవరు చుట్టింది, కవరుకు రబ్బరు బ్యాండు వేసింది. సెలవులకు వచ్చిన పిల్ల దాన్ని పెట్టెలో పెట్టుకుని తిరిగి వెళ్ళింది. బస్సు సూర్యాపేట చేరేలోగా నూనె కారి, మడతపెట్టిన తెల్ల యూనిఫారాలన్నీ ఎర్రబడ్డాయి. “అందరు నవ్విన్రే అమ్మా,” అంది హిమజ ఫోన్‌లో. అయితే డబ్బాలో మిగిలిన పచ్చడిని హాస్టల్ టీచర్లు రుచి చూశారనీ, మళ్ళీ తెమ్మన్నారనీ కూడా చెప్పింది.

ఉమారాణి సీసాల వేట అక్కడ మొదలైంది.

స్టీలు డబ్బాలో పెడితే నాలుగు రోజులకే పచ్చడికి ఏదో ఇనుప వాసన వచ్చింది. పింగాణీ జాడీ బాగానే ఉంటుంది గానీ ఆర్టీసీ బస్సులో ఎవరు మోస్తారు? అంగట్లో కొన్న కొత్త ప్లాస్టిక్ డబ్బాలు మొదటివాటికంటే ఎక్కువ కారాయి. జాం అయిపోయిన సీసాలు అడిగి తెచ్చుకుంది. వాటి మూత ఒకసారి తెరిచాక మళ్ళీ ఆ పట్టు ఉండదు. మిర్యాలగూడలో గాజు సామాను దుకాణం వాడు అద్దాల బీరువాలోంచి పూలపూల సీసా తీసి చూపించాడు. ధర విని ఆమె దాన్ని జాగ్రత్తగా వాడి చేతిలోనే పెట్టి బయటికొచ్చింది.

అప్పుడే టమాట ధర పడిపోయింది. మార్కెట్‌కు తెచ్చిన రైతులు తిరిగి మోసుకుపోలేక రోడ్డు పక్కన పారబోసి వెళ్తున్నారు. టమాటాలను ఉడికించి, గుజ్జు తీసి, వేడి వేడి సీసాలో పోసి, మూత బిగించి మళ్ళీ మరిగే నీళ్ళలో ఉంచితే ఎండాకాలం దాకా చెడిపోదని ఉమారాణి ఫోన్‌లో చూసింది. కిలో టమాట కొనలేని రోజుల్లో ఆ సీసా తెరిస్తే చాలు. కానీ దానికి మరిగే నీళ్ళకు పగలని సీసా కావాలి, గాలి చొరబడని మూత కావాలి, ఆ రెండూ తను కొనగలిగేవి కావాలి. రెండుంటే మూడోది ఉండేది కాదు.

ఒకనాడు చెల్లెలు స్వరూపను చూసి వస్తానని కోదాడ వెళ్ళి, గోనెసంచిలో గడ్డి కుక్కి సీసాలు తెచ్చింది. బస్సు దిగి మోసుకొచ్చిన అలసట కూడా లేదు ఆమె మొహంలో. మురళీధర్‌కు అన్నం పెడుతూనే మొదలుపెట్టింది.

“స్వరూప తీస్కవోతె బస్టాండ్ ఎనక గల్లీల దొరికినయయ్యా. కృపాకర్ అని ఒకాయన దుకాణం. సీసకు మూత ఏరే అమ్ముతడు. మూత పాడైతే మూతనే కొనుక్కోవచ్చు, సీస పారేసుడు లేదు. నీళ్ళు నింపి, మూత బిగించి, పేపర్ మీద బోర్లేసి చూపిచ్చిండు. ఒక్క సుక్క కారలే.”

“ఊఁ.”

“ఏం పోస్తరు, ఏడి మీద పోస్తరా, సల్లార్చి పోస్తరా అని అన్నీ అడిగిండు. ఎంత నిమ్మళంగ చెప్తడో!”

మురళీధర్ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. “అన్నీ అడిగిండా? పేరు గూడ అడిగిండా?”

“మూతలు కొత్తయి వస్తె ఫోన్ చెయ్యాలె గదా, పేరు అడగడా?” అని ఆమె మజ్జిగ తేవడానికి లేచింది.

రెండు రోజులకు ఫోన్ రానే వచ్చింది. ఉమారాణి పిండి చేతులతో ఉండి స్పీకర్ నొక్కింది. “నమస్తే అండీ ఉమారాణి గారూ! పెద్ద సైజు సీసాలు వచ్చాయండి. మీకోసం పక్కన పెట్టమంటారా?” గొంతు చల్లగా, తొందర లేకుండా ఉంది. ఉమారాణి పిండి చేత్తోనే కొంగు సవరించుకుంది. “వెట్టున్రి అన్నా, ఆదివారం వస్త,” అంది. ఆ అనడంలో ఆమె గొంతు కూడా మారింది. కాస్త నిటారుగా నిలబడింది.

పక్కన మంచం మీద కూర్చున్న మురళీధర్‌కు చెవుల్లో ఆ ‘గారూ’ చాలాసేపు మోగింది. ఈ ఇంట్లో ఉమారాణిని ఎవరూ గారు అనలేదు. అత్తకు ఆమె ఉమ, చెల్లెలికి అక్క, తనకు ‘ఏమే’. అన్నా అంటోంది కదా, ఇంకేముంది అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆమె ఎటువంటిదో అతనికి తెలుసు. ఆ విషయంలో వెంట్రుకంత సందేహం లేదు. అయినా ఆ పిలుపు అతన్ని వదల్లేదు. మిల్లులో సేటుకు తను ‘ఒరే మురళీ’. గుమాస్తాకు ‘అరే బాయిలర్’. ఇన్నేళ్ళు నిప్పు ముందు నిలబడినా తనకు దొరకని ఆ మాటను, ఇంట్లో పచ్చడి కలిపే మనిషికి ఎవడో కోదాడవాడు అడగకుండానే ఇచ్చేశాడు.

ఆదివారం ఆమె కోదాడ వెళ్ళి వచ్చేదాకా ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. వచ్చాక ప్రశ్నలు. “శానాసేపైంది?” “బస్సు దొరకలే.” “వానికి ఎంత వయసుంటది?” “నీ అంత ఉంటది.” “పెండ్లయిందా?” “అయ్యుంటది. నేనెందుకడుగుత?” ఆ జవాబుల్లో ఒక్కదానిలోనూ పట్టుకోవడానికి ఏమీ లేదు. అదే అతన్ని ఇంకా మండించింది.

“కోదాడ దాక ఎందుకు? సూర్యాపేటల దొరకయా? నేను తెస్త సూడు,” అన్నాడు.

సెలవు రోజున సూర్యాపేట వెళ్ళి, హోల్‌సేల్ దుకాణాలన్నీ తిరిగి, బేరమాడి, అట్టపెట్టెలో సీసాలు తెచ్చాడు. కోదాడవాటికంటే చవక. ఉమారాణి ఒక్కొక్కదాంట్లో నీళ్ళు నింపింది, మూతలు బిగించింది, నేల మీద పాత పేపరు పరిచి వరుసగా బోర్లించింది. మురళీధర్ గోడకానుకుని చూస్తూ నిలబడ్డాడు. ముందు ఒక సీసా కింద కాగితం నల్లబడింది. తర్వాత దాని పక్కదాని కింద. తడి మెల్లగా పాకుతూ వెళ్ళి రెండు మరకలు కలిసిపోయాయి.

“ఇది వాడు నేర్పిన పరీక్షనే గదా!” అన్నాడు.

“ఎవరు నేర్పితేంది? కారేది కారుతున్నది.”

కారనివి కొన్ని మిగిలాయి. వాటిలో తనే చేసి చూపిస్తానని, మరుగుతున్న గుజ్జును గరిటెతో ఎత్తి సీసాలో పోశాడు. సీసా అడుగు అలాగే ఊడి నేల మీద పడింది. గుజ్జు అతని పాదాల మీద చిందింది. ఉమారాణి పరుగున చల్లనీళ్ళు తెచ్చి పోస్తూ, “సీసను గూడ ముందు ఏడి చెయ్యాలెనయ్యా. కృపాకరన్న చెప్పిండు,” అంది.

కాలిన మంట కంటే ఆ మాట ఎక్కువ కాల్చింది. కాగిన బాయిలర్‌లోకి చన్నీళ్ళు ఒక్కసారిగా వదిలితే ఏమవుతుందో మురళీధర్‌కు తెలియదా? మూత కింద వేసే ప్యాకింగ్ ఒక్క చోట పలచబడితే ఆవిరి అక్కడినుంచే తన్నుకొస్తుందని తెలియదా? ఇన్నేళ్ళు అతను చేసింది అదే పని. కానీ ఉమారాణి సీసాల కోసం ఊళ్ళు పట్టి తిరుగుతున్నన్నాళ్ళూ, ఏం చేస్తున్నావే అని అతను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అడిగినవాడు ఇంకొకడు.

ఆ వారమే అతను ఆ పని చేశాడు. అప్పుల యాప్ వాళ్ళ ఫోన్లు రాకుండా నంబరును ఎలా బ్లాక్ చేయాలో మిల్లులో ఒకతను అందరికీ చూపిస్తుంటే చూశాడు. ఉమారాణి స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోన్ తీసి, కృపాకరన్న కోదాడ అని ఉన్న నంబరును బ్లాక్ చేసి, ఫోన్‌ను ఉన్న చోటే పెట్టాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ మిర్చి బజ్జీలు కట్టించుకుని వచ్చాడు. ఉమారాణి ఆశ్చర్యపోయింది.

ఆ రోజుల్లో ఆమెకు క్షణం తీరిక లేదు. కోదాడ నుంచి తెచ్చిన పెద్ద సీసాలన్నిటినీ గుజ్జుతో నింపింది. కొన్నింటిని హిమజ వాళ్ళ టీచర్లకు పంపింది. మిగతావాటిని మంచం కింద వరుసగా పేర్చుకుంది. రోజూ వంగి చూసుకునేది. “కృపాకరన్న ఫోనే చేస్తలేడు,” అని ఒకసారి అంది.

“అమ్ముడువోయినంక ఇగ నీతోనేం పని?” అన్నాడు మురళీధర్. ఫోన్ మూగగా ఉన్నన్నాళ్ళూ అతను కంటినిండా నిద్రపోయాడు.

తర్వాత సూర్యాపేట నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. సీసా మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగి చీర మీద పడిందట, పుల్లటి కుళ్ళు వాసన వచ్చిందట. ఉమారాణి గబగబా మంచం కింద నుంచి సీసాలు లాగింది. చాలా మూతలు మధ్యలో ఉబ్బి ఉన్నాయి. ఒకటి తెరిచి మూత తిరగేస్తే, లోపలి తెల్లపూత పొలుసులుగా లేచి, కింద రేకు మీద నల్ల మచ్చలు కనిపించాయి. ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. ఏడవలేదు. ఆ మూతనే తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది.

అది చూసి మురళీధర్‌కు మొదట కలిగింది బాధ కాదు. సంతోషం. దాన్ని ఆపుకోలేకపోయాడు.

“ఇగ సూడు నీ కృపాకరన్న సీసలు! సూర్యాపేటయి మంచిగ లెవ్వంటివి!”

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకు అతను చెప్పులేసుకుని బయటికి నడిచాడు. తిరిగి వచ్చేసరికి గుజ్జంతా వాకిలి ముందు మురుగు పారే మోరీ పాలైంది. గల్లీ అంతా ఆ పులుపు వాసనే.

మర్నాడు పొద్దున మురళీధర్ డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నాడు. ఉమారాణి నల్లా దగ్గర సీసాలు కడుగుతోంది. వాకిట్లో ఎవరో నిలబడ్డారు. పొడుగ్గా, చామనఛాయగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. భుజాన బరువైన సంచి.

“మురళీధర్ గారేనా అండీ? నేను కోదాడ నుంచి వచ్చానండి. కృపాకర్‌ని.”

తను ఊహించుకున్నవాడి కంటే బాగున్నాడు. మురళీధర్ ఇన్నాళ్ళూ అతన్ని ఒకసారి బట్టతలతో, ఒకసారి పొట్టతో, ఒకసారి పళ్ళు ఎత్తుగా ఊహించుకుని కొంత ఊరట పొందాడు. ఏదీ లేదు. పైగా తన పేరు వెనక ఆ గారు. అది వినగానే ఒక్క క్షణం గుండె ఉబ్బింది. అలా ఉబ్బినందుకు మరుక్షణం ఒళ్ళు మండింది.

కృపాకర్ గడపలోనే నిలబడి చెప్పాడు. ఈసారి వచ్చిన మూతల్లో లోపం ఉందట. పూత పట్టు లేదు, పులుపు తగిలితే లేచిపోతోంది. ఇంకొకరు తెచ్చి చూపిస్తే తెలిసింది. “తెలిసిన రోజు నుంచీ చేస్తున్నానండి ఆవిడకి. ఒక్క రింగు వచ్చి కట్ అవుతోంది. సీసాల్లో పోయకముందే చెబుదామని నా తాపత్రయం. ఇక లాభం లేదని స్వరూప గారింటికెళ్ళి మీ అడ్రస్ అడిగి వచ్చానండి.”

ఈలోగా ఉమారాణి తడి చేతులతో వచ్చింది. “ఒక్క ఫోన్ చేస్తె అయిపోతుండె గదన్నా! నా గుజ్జంత మోరిల వోసిన!” అంది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఇప్పుడు వచ్చింది.

“చేశానండీ. ఏదీ, మీ ఫోనొకసారి ఇవ్వండి.”

ఆమె ఇచ్చింది. కృపాకర్ ఏదో నొక్కాడు, ఇంకేదో నొక్కాడు. అతని బొటనవేలు ఆగిపోయింది. తలెత్తి మురళీధర్ వైపు చూశాడు. చూసింది రెప్పపాటే. కోపం లేదు, వెక్కిరింపు లేదు. మళ్ళీ తల దించి ఏదో సరిచేసి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

“సెట్టింగుల్లో ఏదో తేడా వచ్చిందండి. ఈ కొత్త ఫోన్లంతే. ఇప్పుడు వస్తుంది.”

సంచిలోంచి కొత్త మూతలు తీసి లెక్కపెట్టకుండా చాపమీద పోశాడు. పాత మూతలన్నీ వెనక్కి తీసుకుంటానన్నాడు. ఉమారాణి టీ పెట్టింది. తాగుతూ ఒక మూతను మురళీధర్ చేతిలో పెట్టి, “మీరు బాయిలర్ మీద చేస్తారటగా, ఆవిడ ప్రతిసారీ చెబుతారు. ఈ లోపలి రింగు చూడండి, ఇది నిలుస్తుందంటారా?” అని అడిగాడు. మురళీధర్ గోరుతో ఆ రింగును నొక్కి చూశాడు. మెత్తగా, అంతటా ఒకే మందంలో ఉంది. మంచి మూత. “ఏమో, నాకేం తెలుసు,” అని తిరిగి ఇచ్చేశాడు.

కృపాకర్ వెళ్ళిపోయాక అతను పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. ఆ మనిషి అక్కడే నిలదీసి ఉంటే బాగుండేది. నీ మొగుడే బంద్ చేశాడమ్మా అని చెప్పి ఉంటే, తనూ నాలుగు మాటలని, గొడవ పడి, మెడపట్టి గెంటి ఉండేవాడు. వాడు చెప్పలేదు. తన పరువు కాపాడి, టీ తాగి, నమస్కారం పెట్టి బస్సెక్కాడు. ఉమారాణికి తెలియని సంగతి ఇప్పుడు వాడికి తెలుసు. ఇక ఆమె వాడి దుకాణానికి వెళ్ళినప్పుడల్లా, నవ్వి మాట్లాడినప్పుడల్లా, వాడు ఆ సంగతి మనసులో పెట్టుకుని మర్యాదగా ఊరుకుంటాడు. సీసాల్లో గెలిచాడు, మాటలో గెలిచాడు, చివరికి మంచితనంలో కూడా గెలిచిపోయాడు. ఆ ఒక్కదాన్ని మురళీధర్ భరించలేకపోయాడు.

సాయంత్రం ఉమారాణి కొత్త మూతలు తుడుస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“ఆ నంబర్ బంద్ చేసింది నేనే.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది.

“నన్ను అనుమానపడ్డవా?”

“ఒట్టు, అనుమానం గాదే. నీ మీద నాకెందుకుంటది అనుమానం?”

“మరేంది?”

“కుళ్ళు.”

“ఆయన మీదనా?”

“వాని మీద. నీ మీద గూడ.” అతను మూతల కుప్పలోకి చూస్తూ చెప్పాడు. “నిన్ను గారు అంటడు. గట్లనంగనే నువ్వు సక్కగ నిలవడతవ్, కొంగు సదురుకుంటవ్. నా ముంగట ఎన్నడన్న గట్ల నిలవడ్డవా? నన్ను ఒరే అని తప్ప పిలిసినోడు లేడు. నిన్నేమో నా కండ్ల ముంగట్నే… నాకు మస్తు మంటనిపిచ్చింది.”

ఆమె నవ్వుతుందేమో, జాలిపడుతుందేమో అనుకున్నాడు. రెండూ జరగలేదు.

“నీకు మంటనిపిస్తె నా కష్టం మోరిల వోస్తవా?” అంది. “ఆ గుజ్జు తిని ఎవరికన్న ఏమన్న అయితే? హాస్టల్ల మన పిల్ల ఉన్నది. గది సోంచాయించినవా?”

అది అతను ఆలోచించలేదు.

కొన్ని రోజులు ఉమారాణి పళ్ళెం ముందు పెట్టేది, వెళ్ళిపోయేది. ఆఖరికి ఒక శనివారం కొత్త పచ్చడి నింపిన సీసాలు సంచిలో సర్ది అతని ముందు పెట్టింది. “రేపు సూర్యాపేట పో. టీచర్లకు నువ్వే ఇయ్యి. ఎందుకు పాడైందో నువ్వే చెప్పు.”

వెళ్ళాడు. నలుగురు టీచర్ల ముందు నిలబడి, మూతలు బాగాలేవని, ఆ సంగతి చెబుదామని దుకాణం ఆయన ఫోన్ చేస్తే తన పొరపాటు వల్లే అందలేదని చెప్పాడు. ఏం పొరపాటని ఒకావిడ అడిగింది. “తెలివితక్కువ పని చేసిన మేడం,” అన్నాడు. వాళ్ళు ఇంకేమీ అడగలేదు. చీర పాడైన టీచరమ్మే సీసా అందుకుని, “ఉమారాణి గారి చేతికి వంక పెట్టలేం. మళ్ళీ ఆర్డరు ఇస్తామని చెప్పండి,” అంది. ఇక్కడా గారే! అప్పటికీ అతనికి చురుక్కుమంది. అలవాటైన నొప్పిలా దాన్ని మోసుకుంటూ బస్సెక్కాడు.

ఇది జరిగి రెండు టమాట సీజన్లు గడిచాయి. ఉమారాణి ఇంటి ముందు రేకుల పంచ దింపి పెద్ద పొయ్యి వేయించింది. సీసాలు ఉడకబెట్టే పని ఇప్పుడు మురళీధర్‌ది. గంగాళం అడుగున గోనెపట్టా పరిచి, సీసాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, నీళ్ళు సలసల మరిగే చప్పుడును బట్టి మంట పెంచుతాడు, తగ్గిస్తాడు. ఈ రెండేళ్ళలో ఆ చేతి కింద సీసా పగల్లేదు. బుచ్చమ్మ చూడవచ్చినప్పుడు, “వీనికి గిది నువ్వెట్ల నేర్పినవే?” అని కోడల్ని అడిగింది. “నేర్పలే అత్తమ్మా. ఆయనకే వస్తది,” అంది ఉమారాణి. ఆ మాట విని మురళీధర్ పొయ్యిలో ఊరికే ఇంకో కట్టె తోశాడు.

కోదాడ నుంచి సీసాలు తెచ్చే పని కూడా అతనే మీదేసుకున్నాడు. బస్సులో నీకెందుకు కష్టం అంటాడు. అసలు సంగతి ఏమిటో ఉమారాణికి తెలుసు. తెలిసీ ఊరుకుంటుంది. కోదాడలో దిగి, బస్టాండ్ వెనక గల్లీలోకి నడిచి, దుకాణంలో ఒక్కో మూతా గోరుతో నొక్కి చూసి, నచ్చనివి పక్కన పడేస్తాడు. కృపాకర్ ఏమీ అనడు. మూతల గురించి ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఫోన్ సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

సంచి భుజానికెత్తుకునేటప్పుడు కృపాకర్ ప్రతిసారీ ఒకే మాట అంటాడు. “ఉమారాణి గారిని అడిగానని చెప్పండి.”

“చెప్త,” అంటాడు మురళీధర్. తిరుగు బస్సు హుజూర్‌నగర్ దాటేలోగా చెప్పకూడదని నిర్ణయించుకుంటాడు. ఎక్కువసార్లు చెప్పడు కూడా.

మొన్న వెళ్ళి వచ్చినప్పుడు ఉమారాణి పొయ్యి ముందు కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. అతను సంచి దించి, సీసాల మధ్య గడ్డి తీసి పక్కన పోస్తూ, ఆమె వైపు చూడకుండా, “కృపాకర్ నిన్ను అడిగిండు,” అన్నాడు.

“మంచిగున్నడా?” అంది ఆమె.

“మంచిగనే ఉన్నడు. ఎంటికలు నెరుస్తున్నయి,” అన్నాడు మురళీధర్.